పట్నం వారం బండ్లు: ఇంజన్ కంప్యూటర్ మరమ్మతు చరిత్రలో కొమురవెల్లి దారి

మోటారు ఇంజన్‌కు ఎంత పెట్రోలు అందాలి, ఆ పెట్రోలుకు నిప్పు ఏ క్షణాన అంటుకోవాలి అన్న రెండు నిర్ణయాలను చాలా దశాబ్దాలపాటు కార్బరేటర్, డిస్ట్రిబ్యూటర్ అనే రెండు యంత్రభాగాలు చేసేవి. అవి గాడి తప్పినప్పుడు సరిచేసే భారం మెకానిక్ చెవి మీద, ముక్కు మీద, వేళ్ల మీద ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు చివరి మూడు దశాబ్దాల్లో ఆ నిర్ణయాలు రెండూ అరచేతి కంటె కాస్త పెద్దదైన ఒక లోహపు పెట్టెలోకి మారాయి. తయారీదారుల పత్రాల్లో ఇంజన్ కంట్రోల్ యూనిట్ అని, పొట్టిగా ఈసీయూ అని, షెడ్లలో ఎక్కువగా ఈసీఎం అని వ్యవహరించే ఈ పెట్టె పుట్టుకను స్టుట్‌గార్ట్, డెట్రాయిట్ నగరాల నుంచి చెప్పడం పరిపాటి. అయితే అది పాడైందో లేదో తేల్చడం, పాడైందని తేలితే మార్చడం అనే పనికి వేరే చరిత్ర ఉంది, ఆ చరిత్రలో ఎక్కువ భాగం రోడ్ల పక్కన జరిగింది. తెలంగాణలో దాన్ని గమనించడానికి హైదరాబాదు నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి, దాని నుంచి చీలి కొమురవెల్లి మల్లన్న గుట్టకు పోయే దారి అనువైన చోట్లు.

కొమురవెల్లి 2016 అక్టోబరులో జిల్లాలను పునర్వ్యవస్థీకరించే వరకు వరంగల్ జిల్లా చేర్యాల మండలంలోని గ్రామం. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో తన పేరనే ఏర్పడిన మండలానికి కేంద్రం. గొల్ల కురుమలకు కులదైవంగా, తక్కిన కులాల వారిలో ఎందరికో ఇంటిదేవుడిగా కొలువందుకునే మల్లికార్జున స్వామి ఇక్కడ పుట్టమన్నుతో చేసిన విగ్రహరూపంలో, గొల్ల కేతమ్మ, మేడలమ్మలతో కలిసి గుట్ట మీద వెలసి ఉన్నాడు. సంక్రాంతి తరువాత మొదలై ఉగాది దాకా ఆదివారం ఆదివారం సాగే జాతరలో తొలి ఆదివారాన్ని పట్నం వారమని, మలి ఆదివారాన్ని లష్కర్ వారమని పిలుస్తారు. మొదటిది హైదరాబాదు భక్తులది, రెండోది సికింద్రాబాదు వారిది. పట్నం అన్న మాటకు కొమురవెల్లిలో రెండర్థాలు ఉన్నాయి: ఒకటి హైదరాబాదు నగరం, రెండోది ఒగ్గు పూజారులు రంగు రంగుల పొడులతో దేవుడి ముందు వేసే పెద్ద ముగ్గు. ఈ వ్యాసానికి ముందుగా కావలసింది మొదటి అర్థమే గాని, రెండోది కూడా ఒకచోట అక్కరకు వస్తుంది. ఏటా ఒక నిర్ణీత దినాన నగరపు బండ్లు గుంపుగా ఒక పల్లెకు కదలడం వల్ల, ఏ కాలాన నగరంలో ఏ ఇంజన్ నడిచిందో ఆ ఇంజన్ ఈ దారిన కనిపించింది. దారిన వచ్చిన బండ్లలో కొన్ని దారిలోనే ఆగిపోవడం కూడా సహజం.

బస్సులకు ముందు జాతర దారి ఎడ్లబండిది. బండి చక్రంలో కుండ, ఆకులు, పూటీలు, వాటిని బిగించి పట్టే ఇనుప పట్టా అన్నీ కంటికి కనిపించేవే. సీల ఊడితే చక్రం జారుతుంది, కందెన ఎండితే ఇరుసు కీచుమంటుంది. దోషం తనంత తానే కళ్లకో చెవులకో చెప్పుకొనేది గనుక, దాన్ని కనిపెట్టడం ఒక ప్రత్యేక విద్యగా ఎదగలేదు. కమ్మరి, వడ్రంగి చేతుల్లో ఉన్న విద్యంతా బాగుచేయడంలోనే ఉండేది. మోటారు వచ్చాక ఈ లెక్క తిరగబడింది: దోషాన్ని గుర్తించడమే కష్టమైన పనిగా, భాగాన్ని మార్చడం తేలికైన పనిగా మారింది. ఇంజన్ కంప్యూటర్ వచ్చాక ఆ తేలికైన పని కూడా కష్టమైంది.

తెలంగాణ పల్లెలకు మోటారును ప్రధానంగా పరిచయం చేసింది ప్రభుత్వ బస్సు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపొందింది. సొంత మోటారు బండ్లు పెరిగేకొద్దీ పట్టణాల్లో షెడ్లు వెలిశాయి. సికింద్రాబాదు రాణిగంజ్ విడిభాగాల బజారుగా పేరుపడింది. కోస్తా వైపు విజయవాడలో 1966లో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ లారీలకు, బస్సులకు పెద్ద ఆసుపత్రి అయింది. హైదరాబాదు షెడ్లలో పెద్ద మెకానిక్‌ను ఉస్తాద్ అనేవారు, ఇప్పటికీ అంటారు. ఉస్తాద్ దగ్గర చేరిన కుర్రవాడు మొదట స్పానర్లు అందిస్తూ, తరువాత స్పార్క్ ప్లగ్గులు గీకుతూ, కొన్నేళ్లకు గాని టైమింగ్ పెట్టే పనికి ఎదిగేవాడు కాదు.

ఆ కాలపు రోగ నిర్ణయం ఎలా జరిగేదో కాస్త దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే తరువాత వచ్చిన మార్పు ఏమిటో దానితో పోల్చితేనే తెలుస్తుంది. ఇంజన్ మిస్ కొడుతుంటే, అంటే నాలుగు సిలిండర్లలో ఏదో ఒకటి మండకుండా బండి కుదుపుతుంటే, మెకానిక్ ఇంజన్ నడుస్తుండగానే ఒక్కొక్క ప్లగ్గు తీగను పీకి చూసేవాడు. ఏ తీగ పీకినప్పుడు చప్పుడులో తేడా రాలేదో ఆ సిలిండరే దోషి. ప్లగ్గు విప్పి మొన చూస్తే నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైందని, తెల్లగా పాలిపోతే తక్కువైందని, ఇటుక రంగులో ఉంటే సరిగా ఉందని అర్థం. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే లోపలి బేరింగు మోత డాక్టరు గొట్టంలో గుండె చప్పుడులా వినిపించేది. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును తెంచి కలిపే పాయింట్ల మధ్య సందును అర మిల్లీమీటరు లోపలే పట్టాలి. ఫీలర్ గేజ్ అనే పలచటి ఉక్కు రేకు దొరకనప్పుడు బ్లేడుతోనో, అట్టముక్కతోనో సరిపెట్టినవారు కూడా ఉండేవారు. డీజిల్ బండ్లకు పాయింట్లూ లేవు, స్పార్క్ ప్లగ్గులూ లేవు. అక్కడ అధికారమంతా ఇంధన పంపుది. 1951లో బెంగళూరులో ఏర్పడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, జనం నోట మైకో, తయారుచేసిన ఆ పంపులు ఎంత వ్యాపించాయంటే ఏ డీజిల్ పంపునైనా మైకో పంపు అనడం అలవాటైంది. ఆ కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నా షెడ్లలో పాత పేరు వెంటనే పోలేదు. జాతరలకు జనాన్ని కిక్కిరిసి మోసిన కమాండర్ జీపుల, ట్రాక్స్‌ల ఇంజన్లు ఈ కోవలోవే. వాటిలో బ్యాటరీ చచ్చినా నలుగురు తోస్తే బండి అందుకునేది.

కంప్యూటర్ కార్లలోకి వచ్చింది బండి బాగా నడవాలని కాదు, గాలి బాగుండాలని. ఈ ఒక్క సంగతి మరిచిపోతే ఆ తరువాతి మరమ్మతు చరిత్రలో చాలా భాగం అర్థం కాదు. లాస్ ఏంజెలెస్ మీద కమ్ముకునే పొగమంచు వంటి మురికి గాలి కార్ల పొగ ఎండకు మారడం వల్ల పుడుతోందని రసాయన శాస్త్రవేత్త హేగెన్-స్మిట్ 1950లలో నిరూపించాడు. అమెరికాలో 1970 నాటి చట్టం పొగను భారీగా తగ్గించాలని ఆదేశించింది. పొగగొట్టంలో అమర్చే కెటలిటిక్ కన్వర్టర్ అనే జల్లెడ వంటి పరికరం విషవాయువులను మామూలు వాయువులుగా మార్చగలదు గాని, అది మూడు రకాల విషాలను ఒకేసారి విరవాలంటే ఇంజన్‌లో ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి ఖచ్చితంగా కలవాలి. స్క్రూ తిప్పి సర్దే కార్బరేటర్‌కు క్షణక్షణానికీ అంత నిక్కచ్చిగా ఉండడం సాధ్యం కాదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్, దాని మాట విని పెట్రోలును సవరించే కంప్యూటర్ ఆ విధంగా తప్పనిసరి అయ్యాయి.

అందుకు కావలసిన పనిముట్లు అప్పటికే తయారవుతున్నాయి. బాష్ సంస్థ 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుకు అందించిన డీ-జెట్రానిక్ వ్యవస్థలో ట్రాన్సిస్టర్లతో పనిచేసే పెట్టె ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయించేది. అది అంకెలు లెక్కపెట్టే కంప్యూటర్ కాదు, వోల్టేజీల హెచ్చుతగ్గులతో నడిచే సర్క్యూట్. మైక్రోప్రాసెసర్ కారులోకి వచ్చింది 1977లో, జనరల్ మోటార్స్ తన ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడోలో నిప్పురవ్వ సమయాన్ని దానికి అప్పగించినప్పుడు. రవ్వను, పెట్రోలును ఒకే పెట్టె చేతికిచ్చిన బాష్ మోట్రానిక్ 1979లో బీఎండబ్ల్యూ 732ఐలో వచ్చింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1988 నుంచి, బండి తన దోషాన్ని తానే పసిగట్టి డ్రైవరు ముందు దీపం వెలిగించాలని నియమం పెట్టింది. ఓబీడీ అని పిలిచే ఆ ఏర్పాటు 1996 మోడళ్ల నుంచి అమెరికా అంతటా ఒకే రకం 16 పిన్నుల సాకెట్‌తో, ఒకే రకం కోడ్‌లతో స్థిరపడింది.

భారతదేశంలో పెట్రోలు కార్ల పొగకు తొలి ప్రమాణాలు 1991లో, డీజిల్ బండ్లకు 1992లో వచ్చాయి. సీసం కలిసిన పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది గనుక, 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు కన్వర్టర్‌ను, సీసం లేని పెట్రోలును కలిపే ప్రవేశపెట్టారు. ఎం.సి. మెహతా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశంతో ఢిల్లీ ప్రాంతంలో గడువులు ముందుకు జరిగాయి. 2000లో భారత్ స్టేజ్ ప్రమాణాలకు తొలి రూపం దేశమంతా అమలైంది. 1998లో వచ్చిన హ్యుందాయ్ శాంట్రో మొదటి నుంచీ ఇంజెక్షన్ కారు. మారుతి 800 కూడా 2000 ప్రాంతంలో ఆ దారి పట్టింది. ఎంపీఎఫ్ఐ, అంటే ప్రతి సిలిండర్‌కూ విడిగా పెట్రోలు చిమ్మే పద్ధతి, ఆ రోజుల్లో ఎంత గొప్పదంటే ఆ అక్షరాలను కంపెనీలు డిక్కీ మీద ప్రత్యేకంగా అంటించేవి. డీజిల్ వైపు 2002లో హ్యుందాయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐ, 2005లో టొయోటా ఇన్నోవా వచ్చి, మైకో పంపు స్థానంలో ఒకే గొట్టంలో పెద్ద ఒత్తిడితో ఇంధనాన్ని నిలిపి, కంప్యూటర్ ఆజ్ఞతో చిమ్మే కామన్ రైల్ పద్ధతిని తెచ్చాయి. తోస్తే అందుకునే డీజిల్ బండి కాలం అక్కడితో ముగియడం మొదలైంది.

ఇక్కడే పట్నం వారం చరిత్రకు పనికివస్తుంది. భారత ప్రమాణాలు దేశమంతా ఒకేసారి రాలేదు. నగరానికి ముందు, జిల్లాలకు వెనుక వచ్చాయి. రెండో దశ హైదరాబాదులో 2003లో, దేశమంతటా 2005లో. మూడో దశ హైదరాబాదులో 2005లో, దేశమంతటా 2010లో. నాలుగో దశ హైదరాబాదులో 2010లో, దేశమంతటా 2017లో అమలయ్యాయి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరో దశకు నగరానికీ పల్లెకూ ఒకే గడువు పడింది. దోషాన్ని తానే కనిపెట్టే ఓబీడీ ఏర్పాటు నాలుగో దశతోపాటు 2010లో, మరింత విస్తృతమైన రెండో రూపం 2013లో తప్పనిసరి అయింది గనుక, ఏడేళ్లపాటు ఒకే మోడల్ కారు హైదరాబాదులో ఒక చట్టం కింద, చేర్యాలలోనో సిద్దిపేటలోనో మరో చట్టం కింద రిజిస్టరు కాగలిగేది. ఆ ఏడేళ్లలో సంక్రాంతి తరువాతి ఆదివారాల్లో గుట్ట కింద నిలిచిన నగరపు కారు చట్టపరంగా జిల్లా కారు కన్నా ఒక దశ ముందున్న యంత్రం. అది మొరాయిస్తే చేతికందే షెడ్డుకు, ఆ షెడ్డు ఇంకా కొనవలసిన అవసరం రాని పరికరం కావాల్సి వచ్చేది. కొన్నేళ్లకు నగరంలో అమ్ముడైన పాత కార్లు జిల్లాలకు చేరేవి గనుక, జాతర రోజున అతిథిగా వచ్చిన సమస్యే తరువాత ఇంటి సమస్య అయ్యేది.

తొలినాటి ఇంజెక్షన్ కార్లలో కంప్యూటర్ తన మాటను దీపం భాషలో చెప్పేది. సాకెట్‌లో రెండు పిన్నులను చిన్న తీగముక్కతో కలిపి తాళం తిప్పితే చెక్ లైట్ లెక్క ప్రకారం మిణుకుమనేది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే 12, సుజుకీ పద్ధతిలో దోషమేమీ నమోదు కాలేదని దాని భావం. కాగితం మీద గీతలు పెట్టుకుంటూ ఈ మిణుకులను లెక్కించిన మెకానిక్‌లు చెవి విద్య నుంచి తెర విద్యకు మధ్య మెట్టు మీద నిలిచినవారు. తరువాత కంపెనీ కంపెనీకీ వేరు సాకెట్, వేరు భాష, కోడ్ చదవడానికి వేరు స్కానర్. లక్షల రూపాయలు పెట్టి ఇన్ని స్కానర్లు కొనగలిగింది అధీకృత సర్వీసు కేంద్రాలే. ఓబీడీ నియమం వచ్చాక పొగకు సంబంధించిన కోడ్‌లైనా అందరికీ ఒకటయ్యాయి. కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ రూపొందించిన ఈఎల్ఎం327 అనే చిప్పుకు చైనాలో నకళ్లు వెల్లువెత్తి, కొన్ని వందల రూపాయలకే ఫోన్‌తో మాట్లాడే పరికరం దొరికేసరికి, కోడ్ చదవడం అనే పని షెడ్డు గడప దాటి కారు యజమాని జేబులోకి కూడా చేరింది.

కోడ్ చదవడం వేరు, రోగం తేల్చడం వేరు. పీ0335 అన్న కోడ్‌లో పీ అంటే ఇంజన్, గేరుపెట్టె విభాగం. మొదటి సున్నా అంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్. తక్కిన అంకెలు క్రాంక్ షాఫ్ట్ సెన్సార్ సర్క్యూట్‌లో తేడా ఉందంటున్నాయి. సెన్సార్ పాడైందని ఆ కోడ్ అనడం లేదు, సర్క్యూట్ అంటోంది; సెన్సార్, దాని రెండు మూడు తీగలు, కప్లర్, కంప్యూటర్ లోపలి భాగం అన్నీ సర్క్యూటే. తెర మీద పేరు కనిపించగానే ఆ పేరున్న భాగాన్ని కొనడం ఈ వృత్తిలో కొత్తగా పుట్టిన జబ్బు, చెవి విద్య కాలంలో ఇది లేదు. ప్లగ్గు తీగ పీకి చూసిన మెకానిక్‌కు రుజువు తన చేతికే తెలిసేది. తెర మాత్రం రుజువు చూపకుండా ఆరోపణ చేస్తుంది.

కంప్యూటరే పోయిందన్న తీర్పు ఈ ఆరోపణల్లో అన్నిటికంటె ఖరీదైనది, అన్నిటికంటె తరచుగా తప్పేది కూడా. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గాని అందుకోదు. స్కానర్ పెడితే కంప్యూటర్ జవాబివ్వదు. ఈసీఎం పోయిందన్న మాట వెంటనే వస్తుంది. పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఆ మాటను చివరకు వాయిదా వేసుకుంటాడు. మొదట బ్యాటరీ: నిలకడగా సుమారు 12.6 వోల్టులు చూపిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టిన క్షణాన 9.6 కంటె కిందికి జారితే, కంప్యూటర్ మేలుకోకముందే నిద్రపోవచ్చు. తరువాత ఫ్యూజ్, మెయిన్ రిలే. ఆ తరువాతిది ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి. ఇంజన్ దిమ్మెకో, బాడీకో ఒక బోల్టుతో బిగించిన ఈ తీగ తుప్పుపడితే కంప్యూటర్ తిండి ఉండీ తినలేని స్థితికి వస్తుంది. ఇక్కడ మీటరు మనిషిని మోసం చేస్తుంది: పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరు 12 వోల్టులు చూపుతుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటు తీసుకోదు. అదే తీగకు ఒక హెడ్‌లైట్ బల్బు తగిలిస్తే గుడ్డిగా వెలుగుతుంది, దొంగ దొరుకుతాడు.

బల్బు పరీక్ష నెగ్గితే 5 వోల్టుల వంతు వస్తుంది. కంప్యూటర్ తన సెన్సార్లలో చాలా వాటికి బ్యాటరీ కరెంటును కాక, తాను స్థిరపరిచిన 5 వోల్టులను పంచుతుంది. ఆ సెన్సార్లలో ఏ ఒక్కటి లోపల షార్టయినా అందరికీ అందే 5 వోల్టులు కుప్పకూలి, పెట్టె చచ్చినట్టే కనిపిస్తుంది. సెన్సార్ల కప్లర్లను ఒక్కొక్కటే పీకుతూ పోతే, ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగి లేచాయో అదే దోషి. పాత ఉస్తాద్ ప్లగ్గు తీగలను ఒక్కొక్కటే పీకి చూసిన పద్ధతికీ దీనికీ తర్కంలో వెంట్రుకవాసి తేడా లేదు. వినేది చెవి బదులు మీటరు. కొత్త కార్లలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ అనే రెండు తీగల దారిని బాష్ 1986లో ప్రకటించింది. బ్యాటరీ తీసి, సాకెట్‌లోని 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు రావాలి, 120 వస్తే దారి ఎక్కడో తెగిందని, సున్నాకు చేరువైతే రెండు తీగలు అతుక్కున్నాయని అర్థం. ఇవన్నీ నెగ్గిన తరువాత మాత్రమే అనుమానం పెట్టె మీదికి పోవాలి. పీ0606 వంటి కోడ్ కంప్యూటర్ తన లోపలి ప్రాసెసర్ దోషాన్ని తానే ఒప్పుకునేదే అయినా, వోల్టేజీ తక్కువైనప్పుడు కూడా కొన్ని బండ్లలో అటువంటి ఒప్పుకోళ్లు వస్తాయి గనుక దాన్నీ తీగలు చూశాకే నమ్మాలి.

నిజంగా పాడైన పెట్టెలూ ఉంటాయి, వాటి చావులకు కారణాలు కొన్నే. నీళ్లు మొదటిది; అద్దం కింది కాలువలో ఆకులు పేరుకుంటే వాననీరు కారు లోపలికి దిగుతుంది, 2020 అక్టోబరులో హైదరాబాదులో వీధులు మునిగినప్పటిలా కారే మునగవచ్చు; అటువంటి బండి ఎండబెట్టాక నడిచినా కప్లర్ పిన్నుల మీద పచ్చటి పొరలు నెలల తరువాత పనిచేస్తాయి. బ్యాటరీని తిరగేసి తగిలించడం రెండోది. బాడీకి వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ తీయకపోవడం, ఆల్టర్నేటర్ అదుపు తప్పి 16, 17 వోల్టులు పోయడం, షార్టయిన ఇగ్నిషన్ కాయిల్ తనతోపాటు దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌ను కాల్చడం తక్కినవి. ఈ చివరిదానిలో ఒక ఉచ్చు ఉంది: కాయిల్‌ను మార్చకుండా పెట్టెను మాత్రం మారిస్తే కొత్త పెట్టె కూడా అదే దారిన పోతుంది. ఎలుక కొరికిన తీగ పెట్టెను చంపదు గాని, చంపినంత పని చేస్తుంది.

పెట్టెను మార్చడం చూడడానికి నాలుగు బోల్టులు, రెండు కప్లర్ల పని. బ్యాటరీ తీగ తీసి, కప్లర్ల లివర్లు ఎత్తి, పాతది తీసి కొత్తది బిగిస్తే పది నిమిషాలు పట్టదు. అసలు కష్టం ఆ తరువాతిది. ఒకే కారులో ఇంధన రకానికి, గేరు రకానికి, పొగ ప్రమాణపు దశకు తగ్గట్టు వేర్వేరు పార్ట్ నంబర్లు ఉంటాయి. ఒక్క అంకె తేడా ఉన్నా పెట్టె బిగుస్తుంది, బండి సరిగా నడవదు. దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లలో తాళంచెవి తలలోని చిన్న చిప్పుకూ కంప్యూటర్‌కూ రహస్య ఒప్పందం ఉంటుంది. కొత్త పెట్టెకు ఆ తాళంచెవి పరాయిది గనుక ఇంజన్ ఒక క్షణం అందుకుని ఆగిపోతుంది, లేదా అసలు అందుకోదు. కామన్ రైల్ డీజిల్‌లో ప్రతి ఇంజెక్టర్ మీదా దాని స్వభావాన్ని తెలిపే అక్షరాల, అంకెల వరుస ఉంటుంది. దాన్ని కొత్త కంప్యూటర్‌కు నేర్పకపోతే ఇంజన్ మోతలో తేడా వస్తుంది. అధీకృత కేంద్రంలో కొత్త పెట్టెకు కంపెనీ సర్వర్ నుంచి ప్రోగ్రాము దించి ఈ సంగతులన్నీ ఎక్కిస్తారు. స్వతంత్ర పనివాళ్లు మరో దారి కనిపెట్టారు: అదే నంబరున్న పాత పెట్టెను సంపాదించి, చచ్చిన పెట్టెలోని ఎనిమిది కాళ్ల మెమరీ చిప్పులో దాగిన సమాచారాన్ని చదివి, దాన్ని ఆ పాత పెట్టెలోకి ఎక్కించడం. క్లోనింగ్ అని పిలిచే ఈ పని చేసేవాడికి స్పానర్ కంటె సోల్డరింగ్ ఇనుము, భూతద్దం ఎక్కువ అవసరం. రేడియో, టీవీ మరమ్మతు తెలిసినవారు కార్ల వృత్తిలోకి ప్రవేశించడానికి ఇది తలుపు తెరిచింది.

అయితే ఈ పని ఎవరు చేయవచ్చన్నది చేతివాటం ప్రశ్నగానే మిగలలేదు, హక్కుల ప్రశ్న అయింది. విడిభాగాలను, రోగ నిర్ణయ పరికరాలను, సాంకేతిక పుస్తకాలను బయటి షెడ్లకు అందనీయకుండా తమ కేంద్రాలకే పరిమితం చేస్తున్నారన్న ఫిర్యాదుపై భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించి, ఆ భాగాలను, పరికరాలను, పుస్తకాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. జరిమానాపై అప్పీళ్లు నడిచాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. ముందు చెప్పిన పట్నం రెండో అర్థం ఇక్కడ పనికివస్తుంది. ఒగ్గు పూజారి వేసే పట్నంలో ఏ గీత తరువాత ఏ గీత, ఏ రంగు పక్కన ఏ రంగు అన్నది పెద్దల చేతి నుంచి పిన్నల చేతికి, చూసి చేయడంగా దిగుతుంది. కార్బరేటర్ విద్య కూడా ఉస్తాద్ నుంచి కుర్రవాడికి అలాగే దిగింది. కంప్యూటర్ వైరింగ్ పటం మాత్రం మొదటి నుంచీ అచ్చయ్యే ఉంది, కాకపోతే తాళం వేసిన అలమరలో ఉంది. ఉస్తాద్ కూడా రహస్యాలు దాచుకునేవాడే, నిజమే. కాని ఆయన దాచినది ఏళ్లతరబడి పక్కన నిలబడ్డ శిష్యుడికి ఏదో ఒకనాడు దొరికేది, అలమరలోనిది పక్కన ఎన్నేళ్లు నిలబడ్డా దొరకదు.

కార్లతో మొదలైన మార్పు 2020 ఏప్రిల్‌లో ఊరి నడిబొడ్డుకు చేరింది. ఆరో దశ ప్రమాణాలతో మోటారు సైకిళ్లకు కూడా ఇంజెక్షన్, దానితోపాటు కంప్యూటర్ రావడంతో, తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలిసిన స్ప్లెండర్ సైతం కార్బరేటర్‌ను వదిలేసింది. కారు కంప్యూటర్‌ను ఎన్నడూ ముట్టకుండానే బతకగలిగిన టూవీలర్ మెకానిక్‌కు ఆ వెసులుబాటు పోయింది. ఈ వరుసలో ఇప్పటికీ వెనుక ఉన్నది ట్రాక్టరే. 2023 జనవరి 1న వచ్చిన ట్రెమ్-4 ప్రమాణాలు 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకే వర్తిస్తాయి. మన పొలాల్లో ఎక్కువగా కనిపించే అంతకు లోపలి ట్రాక్టర్లలో చాలా వాటికి పాత పద్ధతి పంపే ఆధారం, కంప్యూటర్ లేదు. అందువల్ల పట్నం వారం నాడు కొమురవెల్లి గుట్ట కింద బండ్లు నిలిపే మైదానంలో, ట్రాలీలోంచి బోనాల కుండలు దింపుతున్న ట్రాక్టరు పక్కనే, ఇరవై ముప్ఫై కంప్యూటర్లు మోస్తున్న కారు నిలిచి ఉంటుంది. ఆ కారు పెట్టె మొరాయిస్తే తోసినా లాభం లేదు. రాజీవ్ రహదారి దాకా దానికి తాడు కట్టి లాగగలిగింది ఆ ట్రాక్టరే.